బాకీ అడగాలంటే భయం, అప్పు చేయమని ఒత్తిడి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. వయసు 34. తండ్రి పాతికేళ్లు నడిపిన జీడిపప్పు ఫ్యాక్టరీ, రెండేళ్ల కిందట ఆయనకు పక్షవాతం రావడంతో ఈమె చేతికొచ్చింది. ఆయనకు ఇప్పటికీ మాట స్పష్టంగా రాదు గానీ తెలివి చక్కగా ఉంది. 26 మంది పనివాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లే. రోజుకు ఆరు బస్తాల పిక్కలు ఉడికించి, కోసి, తొక్క తీసి, టిన్నులకెత్తుతారు. బస్తా అంటే 80 కిలోలు. సరుకు కొంత పలాస వ్యాపారులకు, కొంత బరంపురానికి వెళుతుంది. ఈమె చదువంతా శ్రీకాకుళంలో, హాస్టల్లో. ఒడియా అర్థమవుతుంది గానీ తడుముకోకుండా మాట్లాడలేరు.

బాధలు మూడు రాశారు. బరంపురం షావుకారు ఏడు నెలలుగా 11 లక్షలు బాకీ. "ఫోన్ చేయాలంటే ముందు రోజు రాత్రి నుంచే కడుపులో తిప్పుతుంది. ఆయన ఎత్తి, 'నాన్నగారు ఎలా ఉన్నారమ్మా, కోలుకోనీ, ఆయనతోనే మాట్లాడతాను' అంటాడు. నేను సరేనని పెట్టేస్తాను. పెట్టేయగానే ప్రాణం హాయిగా ఉంటుంది." ఇక చిన్న కొట్లవాళ్ల దగ్గర కూడా ఐదు వేలు, పది వేలు అలాగే ఉండిపోయాయట. రెండోది, పిక్కలు కొనే మావయ్య. తండ్రి హయాం నుంచీ ఆయనే కొంటున్నారు. కిందటేడు బస్తాకు 20.5 కిలోల పప్పు దిగేది, ఈ ఏడు 19.5. అడగబోతే "ఈసారి పిక్కే అంత" అన్నారు. "నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, ఇంకేం అడగను?" మూడోది, హైదరాబాదులో ఉండే తమ్ముడు. ఇల్లు తాకట్టు పెట్టి 38 లక్షల అప్పుతో కటింగ్ యంత్రాలు, కొత్త బాయిలర్ పెట్టి పని రెట్టింపు చేయమంటున్నాడు. ఈమె వెనకాడితే, "భయపడేవాళ్లు ఎదగరక్కా, భయమేసిన చోటికే వెళ్లాలి" అంటున్నాడు. ఆమె ప్రశ్న ఇది: "అంత భయం పెట్టుకుని ఈ కుర్చీలో కూర్చోవడం తప్పా? ఈ భయం పోయేదెలా?"

సమాధానం:

అమ్మా, ముందు మీరు పంపిన అంకెలే చూద్దాం. పిక్క కిలో 130కి కొన్నామన్నారు. అంటే బస్తా 10,400. పప్పు అన్ని రకాలూ కలిపి సగటున కిలో 650కి పోతోందన్నారు. 20.5 కిలోలు దిగినప్పుడు బస్తాకు 13,325 వచ్చేది, కొన్న ధర తీసేస్తే 2,925 మిగిలేది. కూలి, కరెంటు, కట్టెలు, ప్యాకింగ్, వడ్డీ అన్నీ అందులోంచే. ఇప్పుడు మిగిలేది 2,275. చూడటానికి కిలోనే తేడా, కానీ ఫ్యాక్టరీ బతికే సొమ్ములో ఐదో వంతుకు పైగా అక్కడే పోయింది. రోజుకు ఆరు బస్తాలు, నెలకు 25 రోజులు పని అనుకుంటే 97,500 రూపాయలు. తమ్ముడు చేయమంటున్న అప్పుకు మీరు రాసిన 11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు వేస్తే నెల కంతు సుమారు 82,600. కంతు కట్టడానికి మీరు భయపడుతున్నారు. కంతుకు మించిన డబ్బు ప్రతి నెలా అడగని ఒక్క ప్రశ్న వల్ల పోతోంది.

అందుకే మీ మూడు భయాలనూ ఒకే మూట కట్టొద్దని చెబుతున్నాను. షావుకారు దగ్గరా, మావయ్య దగ్గరా ఉన్నది మనిషి ముఖం చూసి మాట్లాడాలనే భయం. అడిగితే పోయేది కాసేపటి మొహమాటం, అడగకపోతే పోయేది డబ్బు. అప్పు విషయంలో ఉన్నది వేరు. అక్కడ లెక్క ఇంకా తేలలేదని మీ మనసు చెబుతోంది, దాని మాట వినాలి. మీ తమ్ముడు చెప్పిన సూత్రం మొదటి రెండింటికి సరిపోతుంది, మూడోదానికి సరిపోదు. అమెరికాలో కైట్లిన్ వూలీ, ఆయలెట్ ఫిష్‌బాక్ అనే పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, షికాగోలో అప్పటికప్పుడు నటించడం నేర్చుకునేవాళ్లలో కొందరికి "ఇబ్బందిగా అనిపించడమే మీ లక్ష్యం, అది మీరు ఎదుగుతున్నారనడానికి గుర్తు" అని ముందే చెప్పారు. వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువసేపు నిలబడ్డారు, ఎక్కువ తెగించారు. ఆ మాట నిజమే. అయితే అక్కడ తడబడితే పోయేది ఏమీ లేదు. మీ అప్పు తడబడితే ఇల్లు పోతుంది.

ఇక భయం పోయేదెలా అన్నారు. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది: "పెట్టేయగానే ప్రాణం హాయిగా ఉంటుంది." ఆ హాయే భయాన్ని పోషిస్తోంది. తప్పించుకున్న ప్రతిసారీ ఆ ఉపశమనం బహుమానంలా అందుతుంది. ఈ ఫోన్ నిజంగానే ప్రమాదమనీ, తప్పించుకోబట్టే బతికామనీ మెదడు నేర్చుకుంటుంది. అందుకే ఏడో నెల ఫోన్ మొదటి నెల ఫోన్‌కంటే కష్టంగా ఉంది. దక్షిణాఫ్రికా మనోవైద్యుడు జోసెఫ్ వోల్పే 1950లలో భయాలను చిన్నదాని నుంచి పెద్దదాకా మెట్లుగా పేర్చి, శరీరాన్ని వదులు చేసుకుంటూ ఒక్కొక్కటే ఎక్కే పద్ధతి తయారు చేశాడు. తర్వాత వచ్చిన చికిత్సలు దాన్ని చాలా మార్చాయి గానీ, మెట్లుగా ఎక్కడం, భయం తగ్గేదాకా అక్కడే ఉండటం ఇప్పటికీ పనికొస్తున్నాయి.

మీరు తప్పించుకుంటున్న పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదానికి పదికి ఎంత భయమో అంకె వేయండి. పాతపట్నం కొట్టులో ఐదు వేలు స్వయంగా వెళ్లి అడగడం మూడు కావచ్చు. అట్టపెట్టెల ఆర్డరు బరంపురానికి మీరే ఫోన్ చేసి ఒడియాలో చెప్పడం నాలుగు. గుండ్లలో (విరగని పప్పులో) బద్ద ఎక్కువుందని పలాస వ్యాపారి ధర కోస్తే కాదని అక్కడే వాదించడం ఐదు. మావయ్యతో పిక్క పరీక్ష ఏడు. షావుకారు తొమ్మిది. మూడుతో మొదలుపెట్టండి. ఒకే మెట్టు రెండు మూడుసార్లు చేయండి. భయం పూర్తిగా పోనక్కర్లేదు, సగానికి దిగితే చాలు, పైమెట్టుకు వెళ్లండి. ఎక్కువమంది బోర్లాపడేది ఎక్కడంటే, ఒక వీడియో చూసిన ఉత్సాహంలో నేరుగా తొమ్మిదికి వెళతారు. ఎదుటివాడు గట్టిగా ఒక మాట అంటాడు, ఇంటికొచ్చి మరో ఏడాది అటు చూడరు.

ఇంకొకటి. ముందుకు వెళ్లినట్టే ఉంటుంది గానీ వెనక దాక్కోవడమే అయ్యే పనులుంటాయి. గుమస్తా చేత ఫోన్ చేయించడం, పొడుగాటి వాట్సాప్ సందేశం పెట్టి రెండు నీలి గీతల కోసం చూడటం, "ఏమీ అనుకోకండి, తప్పనిసరై అడుగుతున్నా" అని మొదలుపెట్టడం. బరంపురానికి ఒడియా బాగా వచ్చినవారిని తోడు తీసుకెళ్లడంలో తప్పేమీ లేదు. కానీ మొదటి మాటా, డబ్బు అంకె, తారీకు మీ నోటి నుంచే రావాలి. బరంపురంలో తెలుగు తెలిసిన వ్యాపారులు చాలామందే ఉన్నారు, మీ తెలుగుతో పని ఆగదు. అయినా అంకెలు, నెలలు, "ఎప్పుడిస్తారు", "రాసివ్వండి" లాంటి పది ఒడియా మాటలు బయటకే అని అలవాటు చేసుకోండి. తడబడినా మాట్లాడుతున్న మనిషిని తీసిపారేయడం అంత సులువు కాదు.

షావుకారు దగ్గరికి వెళ్లే ముందు కాగితం పని ఒక పూట పడుతుంది. ఏ బిల్లు, ఏ తేదీ, ఎంత, ఎంత కట్టాడు, వెనక్కి పంపిన టిన్నులేమైనా ఉన్నాయా, అన్నీ ఒకే పట్టీలో రాయండి. బిల్లులు మీ జీఎస్టీ రిటర్నులో చూపినవాటితో సరిపోవాలి, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులు జత చేయండి. ఇది ఎందుకంటే బాకీ ఎగ్గొట్టాలనుకునేవాడు సాధారణంగా "ఇవ్వను" అనడు. "ముక్క ఎక్కువొచ్చింది", "లెక్క తేడా ఉంది" అంటాడు. మీ దగ్గర పట్టీ ఉంటే ఆ మాట అక్కడే తేలిపోతుంది. దాంతోపాటు "ఫలానా తేదీకి మేము ఇవ్వవలసిన మొత్తం ఇంత" అని ఆయన సంతకం చేసే బాకీ ధ్రువీకరణ కాగితం రెండు ప్రతులు తీసుకెళ్లండి. సరుకు బాకీ మీద కోర్టుకెళ్లడానికి గడువు మూడేళ్లు. ఆలోపు ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. ఆ రోజు ఒక్క రూపాయి రాకపోయినా, సంతకం వచ్చిందంటే ఖాళీ చేతులతో రానట్టే.

వెళ్లి కూర్చున్నాక ఆయన నాన్నగారి ఆరోగ్యం అడుగుతాడు. అడగనివ్వండి, జవాబివ్వండి. ఆ తర్వాత: "నాన్నగారు మీరడిగారని చెబుతానండి. లెక్కలు మాత్రం ఇప్పుడు నేనే చూస్తున్నాను. మొత్తం 11 లక్షలు ఉంది, ఈ నెల ఎంత ఇస్తారు?" అక్కడితో ఆపేయండి. నిశ్శబ్దం వస్తుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు చెమట పడతాయి, ఏదో ఒకటి మాట్లాడి ఆయనకు సందివ్వాలనిపిస్తుంది. "పోనీ వచ్చే నెలైనా ఫర్వాలేదు" అని మీరే అనేసే ప్రమాదం ఆ క్షణంలోనే ఉంది. ముందున్న టీ గ్లాసు చూస్తూ కూర్చోండి. మాట ఆయన వైపు నుంచి రానివ్వండి.

ఆ తర్వాతి దారులు మూడు. కొంత ఇచ్చి మిగతాది వాయిదాల్లో ఇస్తానంటే, తేదీలు వేసిన చెక్కులు తీసుకోండి. చెక్కు తిరిగొస్తే బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అది దాటితే ఆ చెక్కు మీద క్రిమినల్ కేసు వేయడం కష్టమవుతుంది. సరుకు ఆపడం రెండో దారి: పాత బాకీ తీరేదాకా కొత్త సరుకు నగదుకే. ఆయన వేరేచోట కొనుక్కోవచ్చు, మీ అమ్మకం కొన్ని నెలలు పడిపోవచ్చు. బరంపురం వాటా మీ అమ్మకంలో మూడో వంతుకు మించి ఉంటే, ఆపే ముందే పలాసలోనో విశాఖలోనో ఇంకొకర్ని చూసుకోండి. చట్టం మూడోది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారు సరుకుకు ఒప్పందంలో ఎంత గడువున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఇలాంటి బాకీల కోసం ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఉద్యమ్ నమోదు, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు, సరుకు పంపిన తేదీకి ముందే ఉండాలి, బాకీ పడ్డాక చేయించుకుంటే ఆ బాకీకి పనికొస్తుందని నమ్మలేం. మీకు ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఇవాళే చేయించండి, ఉచితమే. దీనికి తోడు 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చిన నిబంధన ఒకటుంది: సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా కట్టని మొత్తాన్ని కొనుగోలుదారు, నిజంగా కట్టిన ఏడాదిలోనే తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోగలడు. ఇది ఆయన ఆడిటరుకు బాగా తెలుసు. బెదిరింపుగా కాదు, మార్చి నెలకు ముందు మామూలుగా గుర్తు చేస్తే చాలాసార్లు డబ్బు కదులుతుంది. ఫిర్యాదు దాకా వెళితే డబ్బు రావచ్చు, బంధం మాత్రం తెగుతుంది. కాబట్టి అది చివర.

మావయ్య విషయం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తోంది, ఎందుకంటే అక్కడ మీరు భయపడుతున్నది ఇంకా రుజువు కాని దానికి. కిలో తగ్గడానికి మోసమే కారణం కానక్కర్లేదు. పాత సీజను పిక్క కలిసి ఉండవచ్చు. తేమ పిక్క కొని ఉండవచ్చు: 12 శాతం తేమతో కొన్న 80 కిలోల బస్తా ఎండి 8 శాతానికి వచ్చేసరికి 76.5 కిలోలవుతుంది, అంటే బస్తాకు సుమారు 450 రూపాయల నీళ్లు కొన్నట్టు. లేదా ఫ్యాక్టరీ లోపలే పోతుండవచ్చు. కోతలో పప్పు పెంకులో మిగిలిపోవచ్చు, బోర్మాలో (పప్పు ఆరబెట్టే వేడి గదిలో) మరీ ఎండి తూకం తగ్గవచ్చు, తొక్క తీసే గదిలో లెక్క సరిగ్గా లేకపోవచ్చు. ఇవేవీ చూడకుండా అడిగితే అది నింద అవుతుంది, చూశాక అడిగితే పని అవుతుంది.

పరీక్ష ఇలా చేయండి. లారీ దిగిన రోజే, వంద బస్తాలకు పది చొప్పున, పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి పిక్కలు తీసి కలిపి, అందులోంచి సరిగ్గా కిలో తూచండి. ఎన్ని పిక్కలో లెక్కపెట్టండి, సంఖ్య పెరిగేకొద్దీ పిక్క చిన్నదన్నమాట. అన్నీ కోసి మూడు కుప్పలు పోయండి: మంచి పప్పు, మచ్చపడిందీ ముదరందీ, పూర్తిగా చెడింది. మొదటి కుప్ప తూకానికి రెండో కుప్ప తూకంలో సగం కలపండి. ఆ గ్రాములను 80తో హెచ్చించి 453.6తో (పౌండుకు ఇన్ని గ్రాములు) భాగిస్తే బస్తాకు ఎన్ని పౌండ్లో వస్తుంది. 270 గ్రాములైతే 47.6 పౌండ్లు, అంటే 21.6 కిలోలు. ఇది తొక్కతో, తేమతో ఉన్న తూకం కాబట్టి టిన్నుకెక్కేది ఇంకా తక్కువ ఉంటుంది, దానికి గాభరా పడకండి. ఒక్కో లోడును వేరే గుర్తుతో విడిగా ఉడికించి, విడిగా కోయించి, చివరి పప్పు తూకం దాని పక్కనే రాయండి. నాలుగైదు లోడ్లు రాశాక కథ తెలుస్తుంది. పరీక్షలోనే తక్కువొస్తే లోపం కొనుగోలులో ఉంది. పరీక్ష బాగుండి టిన్నులో తక్కువొస్తే లోపం మీ గోడల లోపల ఉంది, మావయ్య ప్రమేయం లేదు.

ఆయనకు తెలియకుండా చేయొచ్చు. అప్పుడు నిజం ముందే తెలుస్తుంది, కానీ బయటపడిన రోజున "నన్ను దొంగను చేశావా" అంటారు, ఇంట్లో అమ్మ దాకా వెళుతుంది. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేయొచ్చు, నేనైతే దీనికే మొగ్గుతాను. "మావయ్యా, ఇకనుంచి ప్రతి లోడుకూ కోత పరీక్ష రాసిపెడదాం, బ్యాంకువాళ్లకు చూపించాలి, పిక్క చూడటం నాకు మీరే నేర్పాలి" అనండి. ఇందులో అబద్ధం లేదు, బ్యాంకు నిజంగానే అడుగుతుంది. పాతికేళ్లు పిక్క చూసిన చెయ్యి ఆయనది. గుప్పెడు పిక్కలు అరచేతిలో ఆడిస్తే చప్పుడుతోనే ఎండినదో పచ్చిదో చెప్పేస్తారు. ఆ విద్య మీకు కావాలి. ఇక తీసేయడం అనే దారి. కాశీనగర్ వైపు, సవర పల్లెల్లో రైతులకు తెలిసిన ముఖం ఆయనదే, ఆయన వెళితే ఒక సీజను పిక్క కూడా వెళ్లిపోవచ్చు. మార్చి నుంచి మే దాకా కొనుగోలు ముగియకుండా ఆ మాట ఎత్తొద్దు.

యంత్రం గురించి. నెలకు 150 బస్తాలు 300 అయితే కంతు భారం బస్తాకు 275. పిక్క దొరక్క, లేదా కొనడానికి డబ్బు లేక 150 దగ్గరే ఆగితే 550. ఇంకో సంగతి మీ తమ్ముడి లెక్కలో లేదు: పని రెట్టింపైతే పిక్కా రెట్టింపు కావాలి. నెల నిల్వకు ఇప్పుడు 15.6 లక్షలు పెడుతున్నారు, అప్పుడు 31.2 లక్షలు. సీజనులో నాలుగు నెలల సరుకు నిల్వ చేయాలంటే అదనంగా కావలసింది యంత్రం ధరను మించిపోతుంది. పిక్క కిలోకు పది రూపాయలు పెరిగితే బస్తాకు 800 ఎగిరిపోతుంది. ఇవన్నీ వేసి చూశాక కూడా నిలబడితే యంత్రం మంచిదే. నా అభిప్రాయంలో పప్పు దిగుబడి మూడు నెలలు వరసగా 20 కిలోల పైన నిలిచి, బరంపురం బాకీలో సగం చేతికొచ్చాక బ్యాంకు మేనేజరును కలవండి. ఒకటే కటింగ్ యంత్రంతో మొదలుపెట్టి, పిక్కను సైజులవారీగా జల్లించి వేస్తూ ముక్క ఎంత వస్తోందో చూడటం కూడా ఒక దారి. సైజులు కలిపి వేస్తే గుండ్లు విరిగి ధర పడిపోతుంది, యంత్రం కొన్నవాళ్లు మొదట దెబ్బతినేది అక్కడే. ఇల్లు తాకట్టు లేకుండా ప్రభుత్వ హామీతో ఇచ్చే రుణం గురించి ఆ మేనేజరునే అడగండి, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఇప్పుడు ఏ రాయితీ నడుస్తోందో కనుక్కోండి. తమ్ముడు పట్టుబడితే హామీదారుగా తన సంతకం కూడా పెట్టమనండి. లెక్కను ఇంకాస్త శ్రద్ధగా చూస్తాడు.

కడుపులో తిప్పడం, నిద్ర లేకపోవడం ఫోన్ల రోజుల్లోనే కాక వారాల తరబడి ఉంటే అది మెట్లతో తేలే విషయం కాదు, డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు.

ఒక పని మాత్రం ఈ మెట్ల వరసతో సంబంధం లేకుండా ముందే చేయాలి. మీ ఉత్తరం చదివితే జీఎస్టీ, బ్యాంకు ఖాతా, ఆహార భద్రత లైసెన్సు ఇంకా నాన్నగారి పేరునే ఉన్నట్టుంది. షావుకారు "ఆయనతోనే మాట్లాడతా" అనడానికి సగం బలం అక్కడిదే. మీరూ నాన్నగారూ భాగస్వాములుగా పత్రం రాసుకుంటే కొత్త పాన్, కొత్త జీఎస్టీ, కొత్త ఉద్యమ్ తీసుకోవాలి, నెలా రెండు నెలలు తిరగాలి. పాత బాకీలు కొత్త సంస్థకు బదిలీ అయినట్టు పత్రంలో స్పష్టంగా రాయించాలి. అంత తిరగలేమనుకుంటే రిజిస్టరు చేసిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఆయన తరఫున మీరు వ్యవహరించే అధికార పత్రం, తొందరగా అవుతుంది. కానీ ఇచ్చిన మనిషికి తెలివి తప్పితే అది చెల్లదు, మరణంతో ఆగిపోతుంది. చెయ్యి కదలకపోతే వేలిముద్ర చాలు, సాక్షులు కావాలి. నాన్నగారి తెలివి చక్కగా ఉన్న ఈ రోజుల్లోనే ఆడిటరునూ లాయరునూ ఇంటికి పిలిపించి, ఆయన ఎదురుగా కూర్చుని ఏ దారి కావాలో ఆయన్నే అడగండి.